పదిహేడో గడి

గోడ లైనును ఉద్ధరించాలని ముగ్గురికి ఒకేసారి బుద్ధి పుట్టింది: పోలీసులకి, మునిసిపాలిటీకి, ఎక్కడినుంచో వచ్చిన ఒక సేవాసంస్థకి. ముగ్గురూ ఒకచోట కూర్చుని ఆ ఉద్ధరణకి 'నబొ పాడా' అని బెంగాలీలో పేరు పెట్టారు. కొత్త పేట అని అర్థం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు. లైనులో కుళాయి వారానికి నాలుగు రోజులే వస్తుంది. కాలవ మీద పలకలు విరిగి రెండు వర్షాకాలాలు గడిచాయి. ఈ రెండూ పథకంలో లేవు. గోడకి రంగులు, నాలుగు సిమెంటు బెంచీలు, ఇంటింటి సర్వే, దారితప్పినవాళ్లకి కౌన్సెలింగు మాత్రం ఉన్నాయి. దారి ఎవరు తప్పారో ఇంకా ఎవరికీ తెలియదు. అది సర్వేలో తేలుతుందన్నారు.

ట్రాఫిక్ కాలనీ వెనక రైల్వే గోడని ఆనుకుని ఉన్న నలభై ఇళ్లని గోడ లైను అంటారు. గోడకి అవతల రైల్వే, ఇవతల మునిసిపాలిటీ. సగానికి పైగా తెలుగువాళ్లే. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వర్కుషాపు పనికని ఖరగ్‌పూర్ వచ్చి ఉండిపోయినవాళ్ల పిల్లలూ, మనవలూ. అన్నీ రేకుల ఇళ్లే. లైను మొదట్లో ఉన్న ఒక్క డాబా మాత్రం గోపాలానిది.

గోపాలం డివిజనల్ ఆఫీసులో స్టేట్‌మెంట్ల సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. సోమవారంనాడు క్లబ్బు హాల్లో మీటింగు పెట్టి, ఠాణా పెద్దాఫీసరు, అంటే ఇక్కడివాళ్ల మాటలో బొడొబాబు, లైను నుంచి ఒక మర్యాదస్తుడు కావాలన్నాడు. ఆ మాట పూర్తికాకముందే గోపాలం లేచి నిలబడ్డాడు. చొక్కాకి 'నబొ పాడా మిత్ర' అని బిళ్ల గుచ్చారు. ఆ రాత్రి భోజనానికి కూడా అతను ఆ బిళ్లతోనే కూర్చున్నాడు. భార్య లలితాంబ బిళ్లని చూసింది, అతన్ని చూసింది, పులుసు వడ్డించి వెళ్లిపోయింది.

సర్వే కాగితానికి ఇరవై రెండు గడులు. కాగితం ఎలా నింపాలో సేవాసంస్థ అమ్మాయి జెనీకి చూపించాలని గోపాలం మొదట తన ఇల్లే రాశాడు. జెనీ ముప్పై ఏళ్ల పిల్ల. చేతిలో టాబ్లెట్, నోట్లో ఎప్పుడూ ఒక చిరునవ్వు. తొమ్మిదో గడిలో 'పాతికేళ్లు దాటి పని లేనివారు' అని ఉంటే, గోపాలం గుండ్రటి అక్షరాలతో 'కృష్ణచైతన్య, 32, ఉద్యోగ ప్రయత్నములో యున్నాడు' అని రాశాడు. టాబ్లెట్లో ప్రయత్నానికి చోటు లేదని, 'పని లేదు' అని ఒక్కటే ఉందని జెనీ నొచ్చుకుంటూ చెప్పి దాన్నే నొక్కింది. గోపాలం పట్టించుకోలేదు. అది లైను గురించిన సర్వే కాని తన గురించి కాదని అతని ధీమా.

మంగళ, బుధవారాలు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. అరుగు దగ్గర కుర్చీ వేయించుకుని గోపాలం ఎగాదిగా చూసేవాడు. అడిగే ప్రశ్న ఒకటైతే చెప్పే నీతి రెండు. వీళ్లకి బెంగాలీ రాదనీ, హిందీ వంకరనీ, తాను లేకపోతే సర్కారుకీ వీళ్లకీ మధ్య వారధే లేదనీ జెనీకి ఇంటికొకసారి చెప్పాడు.

పంతొమ్మిదో ఇల్లు చిట్టెమ్మది. ఇరవై ఏళ్లుగా ఇందా బజారులో ఆకుకూరలు అమ్ముతుంది. తెల్లారి బుట్టెత్తుకుని వెళ్తే ఎండ ముదిరేసరికి తిరిగొస్తుంది. భర్త పేరేమిటని జెనీ అడిగితే చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, చెయ్యెత్తి గోడమీది మేకు వైపు చూపించింది. మేకుకి వర్కుషాపులో హాజరుకిచ్చే ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. నంబరు అరిగి సగమే కనబడుతోంది. జెనీకి అర్థం కాలేదు.

"మొగుడి పేరు నోట పలకరమ్మా వీళ్లు," అన్నాడు గోపాలం విసుగ్గా. "ఎర్రయ్య. స్మితీ షాపులో సమ్మెట మనిషి. పోయి రెండేళ్లయింది."

చిట్టెమ్మ తలూపింది. కొడుకు బుజ్జిబాబు ఇంట్లో లేడు. ఇరవై నాలుగేళ్లవాడు. కాంట్రాక్టరు పిలిచినప్పుడు గూడ్సు షెడ్లో మూటలు దించుతాడు, పిలవనప్పుడు కల్వర్టు మీద కూర్చుంటాడు. వీళ్లు తిరిగి వెళ్తుంటే అక్కడే ఉన్నాడు. గోపాలాన్ని చూసి లేచి నిలబడలేదు సరికదా, పక్కకి జరిగి, "రండి అంకుల్, కూకోండి," అన్నాడు. మర్యాదకే అన్నాడు. గోపాలానికి మాత్రం ఆ కల్వర్టు మీద తన స్థానం ఫలానా అని ఎవరో వేలుపెట్టి చూపించినట్టయింది.

బుధవారం సాయంత్రానికి నలభై కాగితాలూ పూర్తయ్యాయి. పదిహేడో గడి ఒక్కటే నలభైలోనూ ఖాళీ. 'ప్రత్యేక శ్రద్ధ అవసరమైనవారు' అని దాని పేరు. అలా ఎవరున్నారని అడిగితే లైనులో ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. ఖాళీగా ఉన్నా ఫరవాలేదేమో అంది జెనీ. గోపాలం నవ్వాడు. ఆఫీసులో అతనికి ఒకే ఒక్క వేదం ఉండేది: 'నిల్' అని రాసి పంపిన స్టేట్‌మెంటు ఎర్రసిరాతో తిరిగొస్తుంది, ఏదో ఒకటి రాసి పంపింది ఎప్పటికీ తిరిగిరాదు. ముప్పై నాలుగేళ్లలో అతని బల్లమీది నుంచి ఒక్క నిల్ స్టేట్‌మెంటు పైకి పోలేదు. పాముకాటు కేసులు ఎన్ని అని అడిగినా, పాడైన గొడుగులు ఎన్ని అని అడిగినా ఒకటో రెండో ఉండేవి.

శ్రద్ధ అవసరమని రాస్తే శిక్షణ ఇస్తారు కదా, కుర్రాడు బాగుపడతాడు కదా అనుకున్నాడు. ఆ అనుకోవడంలో సగం నిజమే ఉంది. తక్కిన సగం కల్వర్టు మీద కూర్చుంది. పంతొమ్మిదో కాగితం తీసి పదిహేడో గడిలో 'బుజ్జిబాబు' అని రాసి, కింద గీత గీశాడు.

*

గురువారం ఉదయం పదింటికి ఠాణా జీపు వచ్చి బుజ్జిబాబుని ఎక్కించుకుపోయింది. సాయంత్రం నాలుగింటికి వదిలేశారు. కొట్టలేదు, తిట్టలేదు. రోజూ వచ్చి సంతకం పెట్టమన్నారు. లైనులో ఏ దొంగతనం జరిగినా మొదట నిన్నే అడుగుతామని మర్యాదగా చెప్పి పంపించారు. అదే కౌన్సెలింగు.

ఆ సాయంత్రం చిట్టెమ్మ గోపాలం గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మని లలితాంబ అన్నా గడప దాటలేదు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీవాళ్లు బుజ్జిబాబుని పనిలోకి తీసుకున్నారట. నెల కిందటే పరీక్ష పెట్టి చూసుకున్నారట. సోమవారం పొద్దుట చేరాలి. చేరేటప్పుడు ఠాణా నుంచి ఇతను మంచివాడని ఒక కాగితం పట్టుకెళ్లాలి. పేరు కౌన్సెలింగు జాబితాలో ఉండగా ఠాణావాళ్లు ఆ కాగితం ఇవ్వరు. ఇంతవరకూ ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"బాబూ, మీరు సదువుకున్నోలు," అంది. "మా గుంటడి పేరు ఎవులు రాసినారో కనుక్కోండి, సాలు. నాను ఆలని ఏటీ అనను. ఎందుకు రాసినారో అడుగుతాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గోపాలం చెయ్యి తనకు తెలియకుండానే చొక్కామీది బిళ్ల మీదికి పోయింది.

"ఒకరు రాసేదేముంది చిట్టెమ్మా? కంప్యూటర్ తీసుకుంటుంది. అయినా కౌన్సెలింగే కదా. ఒక్క గంట కూర్చోబెట్టి నాలుగు మంచిమాటలు చెబుతారు."

"పది నుండి నాలుగు దాకా బల్ల మీద కూకోబెట్టినారు బాబూ. నీల్లు కూడా ఇవ్వలేదు."

గోపాలం రేపు వెళ్లి మాట్లాడతానన్నాడు. ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది. ఆ దణ్ణం అతనికి గొంతులో చేపముల్లులా అడ్డంపడింది. అంతమాత్రాన నిజం చెప్పేసే రకం కాదు అతను. అతనిలాంటివాళ్లు తప్పు ఒప్పుకోవడం కన్నా దిద్దుబాటు చెయ్యడానికే ఇష్టపడతారు. దిద్దుబాటుకి పేరొస్తుంది, ఒప్పుకోలుకి రాదు.

శుక్రవారం పొద్దున్నే ఠాణాకి వెళ్లాడు. బొడొబాబు టీ తెప్పించాడు. బిస్కెట్లు కూడా వచ్చాయి. జెనీ పక్కనే కూర్చుని టాబ్లెట్లో ఏదో నొక్కుతోంది. బుజ్జిబాబు మంచి కుర్రాడనీ, తనదే పొరపాటనీ గోపాలం డొంకతిరుగుడుగా చెప్పాడు. బొడొబాబు ఓపిగ్గా విన్నాడు. ఆదివారం ఎస్పీ సాహెబు వచ్చి పథకం ప్రారంభిస్తున్నాడనీ, నలభై ఇళ్లకి ఒక్క పేరైనా లేకపోతే అసలు పథకం దేనికని అడుగుతాడనీ, గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ కాగితాన్ని ముందుకి పోనివ్వదనీ చెప్పాడు. గోపాలానికి అందులో వంక పెట్టడానికేమీ కనబడలేదు. ఆ కుర్చీలో తనున్నా అదే చెప్పేవాడు.

"తీసేస్తాను గోపాల్‌బాబూ, మీ మాట కాదంటానా?" అన్నాడు బొడొబాబు. "ఒక పేరు తియ్యాలంటే ఒక పేరు ఇవ్వండి. రేపు పదకొండుకల్లా."

జాబితాలో ఉండటం నింద కాదనీ, అది ఒక సంరక్షణ అనీ జెనీ గుర్తుచేసింది. ఆ మాట ఆమె ఎక్కడో నేర్చుకుంది. మనస్ఫూర్తిగా నమ్మింది కూడా.

ఇంటికొచ్చేసరికి లలితాంబ కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. గోపాలం జరిగిందంతా చెప్పాడు. బుజ్జిబాబు పేరు తానే రాసిన సంగతి కూడా చెప్పాడు. భార్య దగ్గర చెబితే అది ఒప్పుకోలు కింద లెక్కకు రాదని అతని నమ్మకం. ఆమె తల ఎత్తలేదు. కాయ తరవాత కాయ నాలుగు చీలికలవుతోంది.

"పని లేనివాడు కావాలంటే ఊరంతా వెతకడమెందుకు?" అంది. "మన పెరటి గదిలో ఉన్నాడుగా."

గోపాలానికి ఒళ్లు మండింది. కృష్ణచైతన్య ఎమ్మెస్సీ చదివాడు. బ్యాంకు పరీక్ష ఏడుసార్లు రాశాడు, ఎనిమిదోసారికి చదువుతున్నాడు. అది తపస్సులాంటిదని నలుగురికీ చెబుతుంటాడు తండ్రి. వంగి ఒక బిందె ఎత్తి ఎరగడని చెప్పడు. ఎండలో మూటలు దించే బుజ్జిబాబుకి శ్రద్ధ అవసరమని రాసిన చేతికి, ఫ్యాను కింద పన్నెండింటిదాకా పడుకునే కొడుకు విషయంలో అక్షరాలు రాలేదు. సిగ్గుపడవలసిన చోట అతనికి కోపం వచ్చింది. ఆ కోపంతో భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

శనివారం తొమ్మిదింటికి లైనులో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. ఒక్కొక్క గుమ్మం ముందూ ఒక్కొక్క పేరు మనసులో పెట్టి తీసేశాడు. ఒకడికి బావమరిది యూనియన్లో ఉన్నాడు. ఇంకొకడు ఎదురు తిరుగుతాడు. పేరు రాయించుకోవడానికి కూడా కాస్త నోరులేనివాడు కావాలి మరి. పంతొమ్మిదో ఇంటి తలుపు తెరిచి ఉంది. చిట్టెమ్మ బజారు నుంచి ఇంకా రాలేదు. లోపల గోడమీద ఇత్తడి బిళ్ల మీద ఎండ పడుతోంది.

దాన్ని చూడగానే అతనికి దారి దొరికింది. చచ్చినవాణ్ని జీపు ఎక్కించలేరు. సంతకానికి పిలవలేరు. వాడికి నోరులేదు, ఉద్యోగం పోదు, పరువు అసలే పోదు. గడి నిండుతుంది, కుర్రాడు బయటపడతాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత అందమైన సర్దుబాటు తాను చెయ్యలేదనుకున్నాడు. ఆ సంతోషంతో ఠాణాదాకా రిక్షా కూడా ఎక్కకుండా నడిచాడు.

జెనీ టాబ్లెట్లో 'ఎర్రయ్య' అని టైపు చేసింది. పంతొమ్మిదో ఇంట్లో ఆ పేరు విన్నట్టు ఆమెకి గుర్తులేదు. నలభై ఇళ్లు తిరిగిన పిల్లకి గోడమీది మేకు ఏం గుర్తుంటుంది? కారణం చెప్పమంది. టాబ్లెట్లో ఐదే ఉన్నాయట: తాగుడు, జూదం, ఇంట్లో కొట్టడం, ఖాళీగా తిరగడం, చిల్లర దొంగతనం. గోపాలం ఐదూ విన్నాడు. స్మితీ షాపులో విశ్వకర్మ పూజ రోజున పనివాళ్లంతా తాగి తూలుతుంటే, కొలిమి పక్కన అందరి చెప్పులకీ కాపలా కూర్చున్న మనిషి ఎర్రయ్య. ఈ సంగతి గోపాలానికి తెలుసు. లైనంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఐదింట్లో తాగుడే కాస్త గౌరవంగా ఉందనిపించి, అదే చెప్పాడు.

మధ్యాహ్నానికి బుజ్జిబాబుకి కాగితం వచ్చింది. బొడొబాబు స్వయంగా సంతకం పెట్టి ఠాణా ముద్ర వేశాడు. సాయంత్రం చిట్టెమ్మ మూతగిన్నెలో పొంగడాలు తెచ్చింది. వంగి గోపాలం కాళ్లకి దణ్ణం పెట్టబోతే, వద్దు వద్దంటూనే కాళ్లు వెనక్కి తీసుకోలేదు. లలితాంబ ఒక్క పొంగడం కూడా ముట్టుకోలేదు. గోపాలం ఆరు తిన్నాడు.

*

ఆదివారం గోడ ముందు పందిరి వేశారు. గోడ నిండా బొమ్మలు. మీసాల పోలీసు ఒక పాప చెయ్యి పట్టుకుని నవ్వుతున్నాడు, పాప చేతిలో పుస్తకం, పైన సూర్యుడు. రంగుల కోసం ఆడవాళ్లు బట్టలారేసుకునే మేకులన్నీ పీకేశారు. తడిబట్టలన్నీ ఇప్పుడు కొత్త సిమెంటు బెంచీల మీద ఆరుతుంటే, ఎస్పీ వచ్చే వేళకి ఠాణావాళ్లు పరిగెత్తి వాటిని తీయించారు. ముగ్గురు ఆడవాళ్లకి కుట్టుమిషన్లు ఇచ్చారు. ఫోటోలయ్యాక రెండింటిని వెనక్కి తీసుకుని వ్యాను ఎక్కించారు. వచ్చేవారం ఇంకో పేటలో వాటినే ఇవ్వాలట.

బెంగాలీలో ఉపన్యాసాలు, తెలుగులో గోపాలం. మైకు ముందు ఇస్త్రీ పంచెతో నిలబడి, ఎస్పీ ఒక వాక్యం అంటే తాను మూడు అనేవాడు. తనని కూడా నాలుగు మాటలు పొగిడారు. వాటిని మాత్రం ఒక్క అక్షరం పోకుండా అనువదించాడు.

ఆఖర్న 'మారిన మనిషి' సన్మానం. జెనీ వచ్చి అతని చేతిలో కాగితం పెట్టింది. గోపాలం అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యానికి వచ్చాక గాని ఏం చదువుతున్నాడో చూసుకోలేదు. శ్రీ ఎర్రయ్య, వయసు అరవై ఒకటి. తాగుడుకి బానిస. ఠాణా వారి మూడు విడతల కౌన్సెలింగుతో పూర్తిగా మానేశారు. వారి తరఫున శ్రీమతి చిట్టెమ్మ సర్టిఫికెట్టు అందుకుంటారు.

శనివారం పదకొండింటికి జాబితాలోకి ఎక్కిన మనిషి ఆదివారం నాలుగింటికల్లా బాగుపడ్డాడు. బొడొబాబుకి ఒక విజయం కావాలి, కొత్తగా వచ్చిన పేరు చేతికి దగ్గరగా ఉంది, అంతే. ఆ మనిషి ఉన్నాడో లేడో చూసిరావడానికి ఠాణా పనులకి తిరిగే సివిక్ వలంటీరుని కూడా ఒకణ్ని పంపలేదు.

పందిట్లో వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. చిట్టెమ్మ ముందు అర్థంకానట్టు అటూ ఇటూ చూసింది. బుజ్జిబాబు లేవబోతే వాడి భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే లేచి, కొంగు నడుముకి దోపుకుని వేదిక ఎక్కింది. ఎస్పీ నవ్వుతూ సర్టిఫికెట్టు చేతికిచ్చాడు. భర్త తాగుడు మానేశాక ఇంట్లో ఎలా ఉందో అడగమన్నాడు గోపాలాన్ని.

గోపాలం మైకు సర్దుకున్నాడు. అడిగాడు.

చిట్టెమ్మ చేతిలో కాగితాన్ని తిప్పి చూసింది. ఆమెకి చదువు రాదు. మైకు దగ్గరగా వచ్చింది.

"ఎర్రయ్య," అంది.

లైనులో ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ముప్పై ఏళ్ల కాపరంలో, రెండేళ్ల వైధవ్యంలో ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదు.

"నా పెనిమిటి పేరు ఎర్రయ్య. ఆడు సచ్చిపోయి రెండేల్లు. సారా వాసనొస్తే ఆ పక్క కూకునేవోడు కాడు. ఇది ఎవులు రాసినారు?"

ఏమంటోందని ఎస్పీ అడిగాడు. గోపాలం పెదాలు కదిలాయి. కుర్రాడి కోసమే చెబుతున్నాను, ఈ పేరు కొట్టేస్తే మళ్లీ వాడి పేరే ఎక్కుతుంది అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. కుర్రాడికిచ్చిన ఠాణా కాగితం మీద బొడొబాబు సంతకం ఉందనీ, వాడి పేరు మళ్లీ ఎక్కదనీ అతనికి బాగా తెలుసు.

"చాలా సంతోషంగా ఉందంటోంది సర్," అన్నాడు బెంగాలీలో. "మాటలు రావడం లేదట."

ఎస్పీ చప్పట్లకి చేతులెత్తాడు. చిట్టెమ్మ గోపాలం వైపు ఒక్క చూపు చూసి, ఎస్పీ వైపు తిరిగి, శుభ్రమైన బెంగాలీలో మొదలుపెట్టింది. గోపాలం ఆఫీసు బెంగాలీ దాని ముందు చిలక పలుకులే. ఇందా బజారులో ఇరవై ఏళ్లు పాలకూరా తోటకూరా అమ్ముతూ నేర్చుకున్న భాష అది. ఈ బాబు తప్పు చెబుతున్నాడు దాదా అంది. మా ఆయన పోయాడు, తాగేవాడు కాడు, ఆయన పోయిన సంగతి ఈ బాబుకి తెలుసు, సర్వేకి వచ్చినప్పుడు ఈయనే చెప్పాడు అంది. గొంతు పెంచలేదు. కట్ట ఎంతో చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

ఎస్పీ చప్పట్లు కొట్టకుండానే చేతులు దించి బొడొబాబు వైపు చూశాడు. బొడొబాబు తడుముకోలేదు. రెండు పేర్లూ ఈ గోపాల్‌బాబే ఇచ్చాడని, మొదట కొడుకు పేరు, తరవాత తండ్రి పేరు అని వేలుపెట్టి చూపించాడు. అది బెంగాలీలోనే అన్నాడు. నలభై ఇళ్లవాళ్లకీ అర్థమైంది. అనువాదం ఎవరూ అడగలేదు.

ఎస్పీ కారు వెళ్లిపోయాక పందిరి కింద బొడొబాబు కాగితం తెచ్చి గోపాలం ముందు బల్లమీద పరిచాడు. పదిహేడో గడిలో బుజ్జిబాబు పేరూ, ఎర్రయ్య పేరూ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. స్థలం ఖాళీగా ఉందన్నాడు. మాట మర్యాదగానే ఉంది. ఈసారి టీ మాత్రం రాలేదు.

లైను లైనంతా చుట్టూ నిలబడి చూస్తోంది. చిట్టెమ్మ సర్టిఫికెట్టుని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, బుజ్జిబాబు పక్కన నిలబడింది. లలితాంబ కూడా వచ్చింది. గోపాలం కలం తీశాడు. ఇన్ని కళ్ల ముందు ఎవరి పేరు రాస్తాడు? ధైర్యం వచ్చి కాదు, దారిలేక, జీవితంలో మొదటిసారి ఆ గడిలో 'నిల్' అని రాసి సంతకం పెట్టాడు.

*

నిల్ అని రాసిన కాగితం తిరిగొస్తుందని ముప్పై నాలుగేళ్లు చెప్పాడు గోపాలం. ఈసారి కాగితం రాలేదు, జీపు వచ్చింది.

సోమవారం, పదింటికి. బుజ్జిబాబు ఐదున్నరకే ఫ్యాక్టరీ బస్సెక్కాడు. జీపు లైనులోకి తిరగకుండా మొదట్లోనే, డాబా ఇంటి ముందు ఆగింది. కానిస్టేబుల్ దిగి కృష్ణచైతన్య ఉన్నాడా అని అడిగాడు. పదిహేడో గడిలో 'నిల్' అని ఉంటే టాబ్లెట్ తనంతట తానే తొమ్మిదో గడి చూస్తుందట. పాతికేళ్లు దాటి పని లేనివాళ్లలో జాబితా మొదట్లో ఉన్నవాణ్ని తీసుకుంటుందట. ఈ సంగతి తాను ముందే చెప్పి ఉండాల్సిందని జెనీ నొచ్చుకుందట. మొదటి ఇల్లు, మొదటి కాగితం, గుండ్రటి అక్షరాలు.

కృష్ణచైతన్య లుంగీతో, చేతిలో జనరల్ నాలెడ్జి పుస్తకంతో బయటికొచ్చి, తండ్రి వైపు చూశాడు. గోపాలం కానిస్టేబుల్‌తో తన సర్వీసు చెప్పాడు, బిళ్ల చూపించాడు, బొడొబాబుకి ఫోన్ చేశాడు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"ఏం లేదు బాబూ, కౌన్సెలింగే," అన్నాడు కానిస్టేబుల్ హిందీలో. "ఒక్క గంట."

లలితాంబ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. భర్త మొహం చూడలేదు.

చిట్టెమ్మ ఖాళీ బుట్టతో బజారు నుంచి తిరిగొస్తోంది. జీపునీ, లుంగీ కుర్రాణ్నీ చూసి ఆగింది. బుట్ట దించి, అందులో ఉన్న సీసా తీసుకుని, కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆ రోజు కుళాయి వచ్చే రోజే. సీసా కడిగి, నిండా పట్టి, మూత బిగించి, జీపు వెనక కూర్చున్న కృష్ణచైతన్య చేతికిచ్చింది.

"అట్టుకెల్లు బాబూ. అక్కడ నీల్లుండవు."

జీపు కదిలింది. గోపాలం ఆమె దగ్గరికి వచ్చాడు. చెప్పవలసిన మాట ఒకటుంది, అది అతనికి తెలుసు, నోటిదాకా వచ్చింది కూడా. చివరికి బయటికొచ్చింది మరొకటి.

"నేను నిల్ అనే రాశాను చిట్టెమ్మా. అందరూ చూశారు. వీడి పేరు నేను రాయలేదు."

చిట్టెమ్మ బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"ఎరుగుదును బాబూ," అంది. "కంపూటర్ తీసుకుంటాది."

చేత్తో బుట్ట సర్దుకుని లైనులోకి నడిచింది.